లాంజ్‌లో ముప్పై రకాలు వద్దు, ఐదు పెట్టినా వేడిగా పెట్టండి

విమానాశ్రయాల్లో ప్రయాణికులు విమానం ఎక్కేదాకా కూర్చుని తినే ప్రీమియం లాంజ్‌లు నడిపే సంస్థలకు, క్రెడిట్, డెబిట్ కార్డులిచ్చి మమ్మల్ని అక్కడికి పంపే బ్యాంకులకు, నమస్కారం.

బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లలో నేనూ ఒకదాన్ని. ఉద్యోగం మీద తరచూ విమానం ఎక్కాల్సి వస్తుంది కాబట్టి చాలా ఊళ్ల లాంజ్‌లలో తిన్నాను. ఇది ఏ ఒక్క లాంజ్ మీదా ఫిర్యాదు కాదు, అందుకే నాకు ఎదురైన సంగతులు చెప్పేటప్పుడు ఊరి పేరు గానీ సంస్థ పేరు గానీ రాయను. చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మీరు వంటకాల సంఖ్య పెంచుకుంటూ పోతున్నారు, వాటిలో తినబుద్ధయ్యేవి తగ్గుతూ పోతున్నాయి. రకాలు తగ్గించండి, వేడిగా ఉండాల్సినవి వేడిగా ఉంచండి, ప్రతి గిన్నె ఎన్ని గంటలకు పెట్టారో దాని ముందు రాసిపెట్టండి.

ఊరికే పెట్టే తిండికి వంకలేమిటి అనేవాళ్లు ఉన్నారు. ఊరికే ఏమీ పెట్టడం లేదండీ. గుమ్మం దగ్గర కార్డు గీకితే పోయేది రెండు రూపాయలే కావచ్చు, కానీ ఆ కార్డుకు వార్షిక రుసుము ఉంది, గత మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే ఈ మూడు నెలలు లాంజ్ అనే షరతు ఉంది, ఆ మొత్తాన్ని ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు 2024లో కొన్ని కార్డులకు 35 వేల నుంచి 75 వేలకు పెంచింది కూడా. కార్డు లేనివాళ్లు గుమ్మం దగ్గరే డబ్బు కట్టి వెళ్తారు, అది వెయ్యి దాటే ఉంటుంది. అంత డబ్బుతో బెంగళూరులో ఏ ఆంధ్రా మెస్సులోనైనా ఇంటిల్లిపాదీ కడుపు నిండా తినొచ్చు, అదీ పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, నెయ్యితో. కాబట్టి మర్యాదగా అడుగుతున్నా గానీ మొహమాటంగా అడగడం లేదు.

అసలు చిక్కు ఎక్కడుందో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. లాంజ్‌లో తినేది మేము, డబ్బు కట్టేది బ్యాంకో, రూపే, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్కో. వాటికీ లాంజ్‌కీ మధ్యలో చాలాసార్లు ఒక మధ్యవర్తి సంస్థ ఉంటుంది. లాంజ్ నడిపేది మరొకరు, వండేది ఇంకో క్యాటరింగ్‌వాళ్లు కావచ్చు, ఆ పైన విమానాశ్రయానికి అద్దె, వాటా. తలకు ఇంత అని రేటు ముందే కుదిరిపోతుంది. నేను ఒక కప్పు కాఫీ తాగి లేచినా, మూడుసార్లు వడ్డించుకున్నా, ఒక ముద్ద తిని ప్లేటు పక్కన పెట్టేసినా లాంజ్‌కు వచ్చేది ఆ తలకు కుదిరిన మొత్తమే. ఇడ్లీ బాగోకపోతే వీధి చివరి హోటల్‌కు రేపు వెళ్లను, ఆ భయంతోనే ఆయన ఇడ్లీ బాగా చేస్తాడు. మీకు ఆ భయం లేదు. సెక్యూరిటీ దాటి వచ్చేశాక మేము ఇంకెక్కడికీ వెళ్లలేం, బయటి కౌంటర్లలో ధరలు చూస్తే మళ్లీ మీ దగ్గరికే రావాలనిపిస్తుంది.

2024 సెప్టెంబరులో డ్రీమ్‌ఫోక్స్ అనే మధ్యవర్తి సంస్థ సేవలు కొన్ని విమానాశ్రయాల్లో ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు, చెల్లుబాటయ్యే కార్డులున్న జనం గుమ్మం దగ్గరే వెనుదిరగాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఆ సంస్థ దేశీయ లాంజ్ వ్యాపారం నుంచే తప్పుకుంది. ప్రయాణికుడి తిండికీ డబ్బుకీ మధ్య ఇంతమంది ఉన్నారని చాలామందికి అప్పుడే తెలిసింది. గుమ్మం దాటనివ్వకపోతే వార్త అవుతుంది. లోపల పెట్టిన పులావ్ చల్లారిపోతే అది వార్త కాదు, ఎవరి బాధ్యతా కాదు. బ్యాంకుకు ఫోన్ చేస్తే లాంజ్‌ను అడగమంటారు, లాంజ్‌లో అడిగితే ఫీడ్‌బ్యాక్ క్యూఆర్ కోడ్ చూపిస్తారు, అందులో ఐదు నక్షత్రాలూ ఒక ఖాళీ గడీ ఉంటాయి, దాన్ని ఎవరు చదువుతారో తెలియదు.

ఇక తిండి సంగతి. బఫేలో గిన్నె వేడిగా ఉండటం రుచి కోసం మాత్రమే కాదు. లైసెన్సు ఉన్న ప్రతి హోటలూ పాటించాల్సిన, దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లో, షెడ్యూల్ 4 అంటారు దాన్ని, వేడిగా వడ్డించేవి కనీసం 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండాలనీ చల్లగా వడ్డించేవి 5 డిగ్రీల లోపు ఉండాలనీ రాసి ఉంది. ఆ రెండింటి మధ్యలో క్రిములు వేగంగా పెరుగుతాయి. అన్నంతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బాసిల్లస్ సీరస్ అనే బాక్టీరియా బీజాలు బియ్యంలో ఉంటాయి, అన్నం ఉడికినా అవి చావవు, ఆ అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అంటే చల్లారిన పులావ్‌ను మళ్లీ వేడిచేసి తెస్తాం అని చెప్పినంత మాత్రాన సరిపోదు. ఎంతసేపు చల్లారి ఉందో తెలియాలి.

ఒక లాంజ్‌లో రాత్రి పొద్దుపోయాక అన్నం గిన్నె మూత తీస్తే ఆవిరి లేదు, గిన్నె అంచు చెయ్యి పెట్టి పట్టుకోగలిగేంత చల్లగా ఉంది, కింద హీటర్ ఆరిపోయి ఉంది. ఎప్పుడు పెట్టారని అడిగితే అక్కడున్న కుర్రాడికి తెలియదు, అతని డ్యూటీ అప్పుడే మొదలైంది. పాపం అతను మాత్రం ఏం చేస్తాడు? గిన్నె ముందు చిన్న కార్డు మీద టైము రాసి ఉంటే అతనికీ తెలిసేది, నాకూ తెలిసేది, వంటగదిలో వాళ్లకు కూడా ఇది తీసేయాల్సిన వేళ అయిందని గుర్తుండేది. ఈ పనికి కొత్త యంత్రం అక్కర్లేదు, కన్సల్టెంట్లు అక్కర్లేదు. ఒక స్కెచ్ పెన్ను చాలు. ఆ పక్కనే వంటగదిలో వాడే థర్మామీటర్ ఒకటి, గంటకోసారి రీడింగ్ రాసే పుస్తకం ఒకటి ఉంటే ఇంకా మంచిది. ఆ పుస్తకం మాకు కనబడే చోట పెట్టండి.

రకాలు తగ్గించమని అంటున్నది ఇందుకే. ముప్పై గిన్నెలు పెడితే ప్రతి గిన్నెలోంచీ కొంచెం కొంచెమే ఖర్చవుతుంది, పోయిన కొంచెం పైన కొత్తది పోస్తారు, అడుగున పొద్దుటిది అలాగే ఉంటుంది. ఐదు గిన్నెలు పెడితే అరగంటకో గిన్నె ఖాళీ అవుతుంది, కొత్తది కొత్త గిన్నెలోనే వస్తుంది. పెళ్లిళ్లలో మన వంటవాళ్లు బంతి బంతికీ అన్నం దించి పంపుతారు, అప్పడాలు చివరి నిమిషంలో వేయిస్తారు, అందుకే ఆఖరి బంతిలో కూర్చున్నవాళ్లకూ వేడి అన్నమే పడుతుంది. బెంగళూరులో 1980ల్లో మొదలైన దర్శిని హోటళ్లదీ అదే పద్ధతి. నిలబడి తినాలి, పదీ పదిహేను రకాలు మాత్రమే ఉంటాయి, జనం ఆగకుండా వస్తుంటారు, ప్లేట్లోకి వచ్చే ఇడ్లీ కొద్దిసేపటి క్రితమే ఆవిరి మీద నుంచి దిగినది. మెత్తటి సోఫా లేదు, ఆర్కిడ్ పూల కుండీ లేదు. అయినా పేపర్ చదువుకునే ముసలాయన దగ్గర్నుంచి ఐటీ కుర్రాళ్ల దాకా అక్కడ ఎందుకు నిలబడతారో మీకు తెలియంది కాదు.

టెర్మినల్ లోపల గ్యాస్ మంట మీద ఆంక్షలు ఉంటాయని, చాలాచోట్ల బయటి వంటశాలలో వండి సెక్యూరిటీ తనిఖీ దాటించి తేవాలని నాకు తెలుసు. కాబట్టే ఏది పెట్టాలన్నది ఇంకా బాగా ఆలోచించాలి. పూరీ, గారె, దోస, మిర్చిబజ్జీ మూత కింద నిలవవు. మూత లోపల పట్టిన ఆవిరి నీరై వాటి మీదే పడుతుంది, పావుగంటలో గారె స్పాంజి అయిపోతుంది, పూరీ తోలులా సాగుతుంది. వీటిని పెట్టాలనుకుంటే ఎదురుగా నిలబడి వేసిచ్చే మనిషి ఉండాలి, లేకపోతే పెట్టకండి. పప్పు, సాంబారు, పులుసులు, కుర్మా, బిసిబేళె బాత్ అయితే వేడిలో నిలుస్తాయి. ఇడ్లీ కొద్దిసేపు నిలుస్తుంది. పులిహోర అయితే చల్లారినా రుచి చెడదు, చింతపండు పులుపు వల్ల మామూలు అన్నం కంటే ఎక్కువసేపు నిలుస్తుంది, మన వాళ్లు రైలు ప్రయాణాలకు తరతరాలుగా కట్టుకుపోయింది అదే కదా. కన్నడిగుల పుళియోగరే కూడా అలాంటిదే. తెలుగు, కన్నడ వంటల్లోనే ప్రయాణానికి పనికొచ్చే తిండి ఇంత ఉండగా, పెన్నె పాస్తా ఎండిపోయి కర్రముక్కల్లా తయారయ్యే దాకా వేడి దీపం కింద ఎందుకు ఉంచాలో నాకు అర్థం కాదు. అంతర్జాతీయ ప్రయాణికుల కోసమంటారు. వాళ్లు మాత్రం ఎండిన పాస్తా ఎందుకు తింటారు?

నూనె గురించి ఒక్క మాట. నూనె పదే పదే కాగితే పుట్టే పదార్థాలు, టోటల్ పోలార్ కాంపౌండ్స్ అంటారు వాటిని, వాడిన నూనెలో 25 శాతం దాటితే దాన్ని ఇక వంటకు వాడకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన అమల్లో ఉంది. నగ్గెట్స్, కట్‌లెట్లు పెట్టే ప్రతి లాంజ్ ఆఖరిసారి ఆ పరీక్ష ఎప్పుడు చేశారో రాసిపెట్టొచ్చు.

కాఫీ సంగతి వస్తే నాకు కొంచెం బాధగానే ఉంటుంది. దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకదే, కాఫీ బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్నది బెంగళూరులోనే, చిక్కమగళూరు తోటలు ఇక్కడికి ఒక పూట ప్రయాణం. ఏ లాంజ్‌లోనైనా సరే, ముఖ్యంగా దక్షిణాది లాంజ్‌లలో, బటన్ నొక్కితే పాలపొడి నురుగు వచ్చే యంత్రంతో పాటు ఒక ఫిల్టరూ, కాచిన పాలూ, స్టీలు గ్లాసులూ పెట్టడం పెద్ద ఖర్చు కాదు. డికాక్షన్ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి దింపితే చాలు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది మా తెలుగువాళ్లకు మరీ దగ్గరిది. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లిలో, హైదరాబాద్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి వైపు ఉంది. అనంతపురం, హిందూపురం, పుట్టపర్తి, కదిరి, మదనపల్లె వైపువాళ్లకు విదేశం వెళ్లాలంటే ఇదే సొంత విమానాశ్రయం. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు మధ్యాహ్నమే ఇంట్లో బయల్దేరి, దారిలో టైరు పంక్చరైతే ఎలా అన్న టెన్షన్‌తో ఐదారు గంటలు ముందే వచ్చేస్తారు, ఎందుకంటే విమానం అర్ధరాత్రి తర్వాత. వాళ్ల చేతిలో కొడుకో కూతురో ఇచ్చిన కార్డు ఉంటుంది, అమ్మా లాంజ్‌లో కూర్చోండి, భోజనం అక్కడే ఉంటుంది, అని ఫోన్లో చెప్పి ఉంటారు. ఆ వయసులో సగం మందికి షుగరో బీపీయో ఉంటుంది. రాత్రి ఎనిమిదిన్నరకు తిని మాత్ర వేసుకోవాల్సిన మనిషికి అక్కడ దొరికేది చల్లారిన నూడుల్స్, మైదా బన్ను, పంచదార పాకంలాంటి జ్యూసు, నాలుగు రంగుల కేకు ముక్కలు అయితే ఏం తినాలి? మా నాన్న ఒకసారి ఒక లాంజ్‌లో కీరా ముక్కలూ పెరుగూ తిని విమానం ఎక్కారు, ఆ పెరుగూ తియ్యటి పెరుగే. ఆ సంగతి ఆయన నాకు దిగిన తర్వాత చెప్పారు.

వాళ్లకు కావలసింది ఎక్కువేమీ కాదు. వేడి అన్నం లేదా రెండు పుల్కాలు, కారం తగ్గించిన పప్పు, ఒక కూర, తీపి వేయని పెరుగు. శనివారాలు ఒక్కపొద్దు ఉండేవాళ్లున్నారు, ఉల్లీ వెల్లుల్లీ తిననివాళ్లున్నారు, కాబట్టి ఏ వంటలో ఏముందో తెలుగులో, కన్నడలో, ఇంగ్లీషులో రాసిపెడితే ఎవరినీ అడగాల్సిన అవసరం రాదు. చట్నీలో వేరుశనగ ఉందా అన్నది కొందరికి ప్రాణం మీదకు వచ్చే విషయం. శాకాహారం, మాంసాహారం గిన్నెలు పక్కపక్కన పెట్టకండి, రద్దీలో ఎవరో చికెన్ గరిటె తెచ్చి పప్పులో పెడతారు, పెట్టినవాళ్లకు అది గుర్తు కూడా ఉండదు, కానీ అది చూసిన పెద్దావిడ ఆ పూట ఇక ఏమీ ముట్టుకోదు. రెండు బల్లలు వేరుగా వేస్తే తీరే సమస్య ఇది.

ఈ ఉత్తరం చదివి అక్కడ పనిచేసే పిల్లల మీద పడొద్దు. రాత్రంతా నిలబడి ప్లేట్లు తీసేది, పాలు అయిపోయాయని పరుగెత్తేది వాళ్లే. ఒక్కరే మనిషి ఒక పక్క గిన్నెలు నింపుతూ, మరో పక్క బల్లలు తుడుస్తూ, మధ్యలో జనం అడిగే గేటు నంబర్లకు జవాబులు చెబుతూ కనబడ్డారు నాకు చాలాసార్లు. బఫే దగ్గర ఇంకో మనిషిని పెట్టండి, అతని పని గిన్నెలు చూసుకోవడం మాత్రమే అని చెప్పండి. రకాలు తగ్గిస్తే మిగిలే డబ్బు ఆ జీతానికి సరిపోతుందనే నా నమ్మకం.

మా వైపు నుంచి జరిగేదీ ఒకటుంది. తినగలిగిన దానికంటే ఎక్కువ వడ్డించుకుని సగం వదిలేసే ప్రయాణికులు తక్కువేమీ కాదు. అది ఆగాలి, నేను నాతో వచ్చేవాళ్లకు చెబుతూనే ఉన్నాను. కానీ రుచి చూడకుండా ఏది బాగుంటుందో తెలియని చోట జనం అన్నీ కొంచెం కొంచెం వేసుకుంటారు, అందులో వింతేమీ లేదు.

విమానాశ్రయాల యాజమాన్యాలకు కూడా ఇందులో బాధ్యత ఉంది. లాంజ్‌ల నుంచి, తిండి దుకాణాల నుంచి వచ్చే వాటా మీకు పెద్ద ఆదాయం. ల్యాండింగ్ చార్జీల్లాంటివి నిర్ణయించడానికి ఏరా అనే నియంత్రణ సంస్థ ఉంది, తిండి ధరలు దాని పరిధిలోకి రావు, అంటే ఆ విషయంలో ప్రయాణికుడి తరఫున నిలబడాల్సింది మీరే. లాంజ్ కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు ఎక్కువ వాటా ఎవరిస్తారని చూసినంత శ్రద్ధగా ఎవరు బాగా వండుతారని కూడా చూడండి. 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో, ఆ తర్వాత 2025 ఫిబ్రవరిలో చెన్నైలో ఉడాన్ యాత్రీ కేఫ్ అనే చౌక ధరల దుకాణం తెరిచి పది రూపాయలకు టీ, ఇరవైకి సమోసా ఇవ్వగలిగారు. ఆ విమానాశ్రయాలు నడిపే ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ తలుచుకుంటే అయింది. బెంగళూరుది ప్రైవేటు యాజమాన్యం కావచ్చు, అయినా 2022లో ప్రారంభమైన రెండో టెర్మినల్‌ను వెదురుతో, వేలాడే తోటలతో అంత అందంగా కట్టి ప్రపంచ స్థాయి బహుమతి తెచ్చుకున్న ఊరు ఇది, ఏడాదికి 4 కోట్లకు పైగా మనుషులు తిరిగే చోటు. దేశంలోని లాంజ్‌లన్నిటికీ పద్ధతి నేర్పే పని ఇక్కడే మొదలైతే నాకు సంతోషం.

బ్యాంకులకు చివరగా. లాంజ్‌కు డబ్బు కట్టేది మీరు కాబట్టి మీ మాట వాళ్లు వింటారు, మా మాట వినరు. తలకు ఇంత అని ఇచ్చే ఒప్పందంలో తిండి నాణ్యత షరతు చేర్చండి. పేరు చెప్పకుండా మీ మనిషిని పంపి, రాత్రి పదకొండు తర్వాత, తెల్లవారుజామున నాలుగింటికి గిన్నెల వేడి కొలిపించండి, ఎందుకంటే మధ్యాహ్నం పన్నెండింటికి అన్ని లాంజ్‌లూ బాగానే ఉంటాయి. వరసగా తప్పిన లాంజ్‌కు చెల్లింపు తగ్గించండి. మాకు కార్డు గీకిన మెసేజ్ వస్తుంది కదా, దానితో పాటే తిండి ఎలా ఉందో చెప్పే లింకు పంపండి, వచ్చిన జవాబులు లాంజ్ పేరుతో సహా మీ యాప్‌లో అందరికీ కనబడేలా పెట్టండి. లాంజ్‌లో తిన్న తర్వాత ఒంట్లో బాగోకపోతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చని, అందుకు లాంజ్ వారి 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటే పని సులువవుతుందని కూడా ప్రయాణికులకు చెప్పండి. ఆ నంబరు గోడ మీద ఎక్కడో మూల కాకుండా బఫే దగ్గరే ఉండాలి.

నాకు కూపన్లు, రివార్డ్ పాయింట్లు పంపొద్దు. జవాబు రాయదలిస్తే గిన్నెల ముందు టైము కార్డులు ఏ తేదీ నుంచి పెడుతున్నారో, ఏ ఏ లాంజ్‌లలో పెడుతున్నారో రాయండి.

ఇట్లు,
బెంగళూరు నుంచి ఒక తెలుగు ప్రయాణికురాలు